పాత పెద్ద తెరకు పరీక్ష: ఒక రియర్ ప్రొజెక్షన్ టీవీ ప్రాజెక్టు డైరీ

శనివారం ఉదయం: వెనక తలుపు తీయకముందు

మా బావ ఇంట్లో ఏళ్ల తరబడి గోడవారగా నిలబడిన 55 అంగుళాల రియర్ ప్రొజెక్షన్ టీవీ ఇప్పుడు నా పని గదిలో ఉంది. "బొమ్మ మసకగా వస్తోంది. మనుషుల చుట్టూ ఎర్రగా, నీలంగా అంచులు కనిపిస్తున్నాయి. పనికొస్తుందో లేదో నువ్వే తేల్చు. లేదంటే పాత సామాను కింద ఇచ్చేస్తాను" అన్నాడు. బాగుచేయమని అడగలేదు, తేల్చమన్నాడు. నిజానికి రెండో పనే కష్టం.

ఇలాంటి టీవీల్ని కొట్లో చూసి కొన్నవాళ్లు గానీ, ఇంట్లో చూసి విసుక్కున్నవాళ్లు గానీ చాలామంది తీర్పు చెప్పేది టీవీ మీద కాదని నా అనుమానం. కొట్లో చూసేది విపరీతంగా పెంచిన కాంట్రాస్టును. ఇంట్లో చూసేది దుమ్మునీ, జారిపోయిన సర్దుబాటునీ. అందుకని ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకున్నాను. ఒకటి యంత్రానిది, రెండోది సర్దుబాటుది, మూడోది లోపలికి వచ్చే సిగ్నల్‌ది. కనిపించిన ప్రతి లోపమూ ఈ మూడింటిలో ఏదో ఒక గడిలో పడాలి. మొదటి గడి నిండితేనే దాన్ని సాగనంపాలి.

తెలియనివారి కోసం లోపలి కథ కొంచెం. ఈ పెట్టె అడుగున ఒకే వరుసలో మూడు 7 అంగుళాల పిక్చర్ ట్యూబులు ఉంటాయి. ఎరుపు, పచ్చ, నీలం, ఒక్కో ట్యూబుది ఒక్కో రంగు. ప్రతిదాని మీదా ఒక బండ లెన్సు. ఆ మూడు లెన్సులూ బొమ్మను పైకి విసిరితే, వెనక వాలుగా ఉన్న పెద్ద అద్దం దాన్ని ముందుకు తిప్పి తెర వెనకభాగం మీద వేస్తుంది. మామూలు ట్యూబు టీవీలో ఉండే రంధ్రాల రేకు ఇందులో ఉండదు, ఎందుకంటే ఒక్కో ట్యూబూ ఒకే రంగు కక్కుతుంది కాబట్టి రంగుల్ని వేరుచేయాల్సిన పని లేదు. కాబట్టి బొమ్మ నాణ్యం నాలుగు విషయాల మీద నిలబడుతుంది: ఎలక్ట్రాన్ పుంజం ఎంత సన్నని చుక్క పెడుతోంది, లెన్సు దాన్ని ఎంత శుభ్రంగా మోస్తోంది, మూడు రంగులూ తెర మీద ఎంత కచ్చితంగా ఒకదానిపై ఒకటి కూర్చుంటున్నాయి, చివరగా ఆ తెర వెలుతురును ఎటు పంపుతోంది.

కరపత్రంలో "1080ఐ స్వీకరిస్తుంది" అని గొప్పగా రాశారు, అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080 గీతలు ఉండే హెచ్‌డీ బొమ్మ. స్వీకరించడం వేరు, చూపించడం వేరు. ఈ తెర వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. అడ్డంగా 1920 చుక్కలు విడివిడిగా కనిపించాలంటే ఒక్కో చుక్క తెర మీద 0.63 మిల్లీమీటర్లకు మించకూడదు. ఆ తెర నిండా పరుచుకునే బొమ్మ మొదట పుట్టేది అరచేతిలో పట్టేంత ట్యూబు ముఖం మీద. అక్కడ చుక్క ఎంత సన్నగా ఉండాలో ఊహించండి. 7 అంగుళాల ట్యూబులకు అది శక్తికి మించిన పని. 9 అంగుళాల ట్యూబులు పెట్టిన ఖరీదైన మోడళ్లు ఎందుకు వచ్చాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇది ముందే తెలుసు కాబట్టి ఆ లోటును పరీక్ష మొదలవకముందే యంత్రం గడిలో రాసేశాను. మరీ పెద్దది కాదు.

శనివారం సాయంత్రం: ఉన్నది ఉన్నట్టు

దేన్నీ తుడవకుండా, దేన్నీ తిప్పకుండా ముందు ఒకసారి చూడాలి. లేకపోతే తరువాత వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. టీవీ వేసి అరగంట వదిలేశాను. ఈ రకం సెట్లు వేడెక్కేదాకా రంగులు మెల్లగా జరుగుతూనే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు చూసి వేసిన అంచనా చెల్లదు.

పరీక్షా డిస్కులోంచి గళ్ల బొమ్మ పెట్టాను. నల్లని నేపథ్యం మీద సన్నని తెల్ల గీతలు, నిలువుగా, అడ్డంగా. తెర నడుమ గీత తెల్లగానే ఉంది. కుడి అంచుకు వెళ్లేసరికి ఒకే గీత మూడుగా చీలిపోయింది: లోపల ఎర్రది, మధ్యలో పచ్చది, వెలుపల నీలం. ఎడమ పైమూలలో ఎరుపూ పచ్చా మధ్య వేలు పట్టేంత సందు. బావ చెప్పిన రంగుల అంచులు ఇవే.

ఇక్కడ తొందరపడకూడదు. మూడు ట్యూబుల్లో పచ్చది నడుమ ఉంటుంది, దాని బొమ్మ తెర మీదకు నిటారుగా వెళ్తుంది. ఎరుపు, నీలం పక్కల నుంచి వాలుగా వెళ్తాయి కాబట్టి వాటి బొమ్మలు సహజంగా ఒక వైపు పెద్దగా, మరో వైపు చిన్నగా పడతాయి. ఆ వంకరను ట్యూబు మెడల మీదున్న అదనపు తీగచుట్టలు సరిదిద్దుతాయి. ఆ చుట్టలకు కరెంటు పంపే ఐసీలు (చిప్పులు) ఈ సెట్లలో తరచూ కాలిపోతాయి. అవే పోయి ఉంటే గీతలు విల్లులా వంగి, రిమోటుతో ఎంత జరిపినా చోటుకు రాకుండా మొండికేస్తాయి. నా ముందున్న గీతలు తిన్నగానే ఉన్నాయి, చోటు మాత్రం తప్పాయి. అంటే ఐసీలు బతికే ఉన్నాయి. పైగా ఇంటి నుంచి ఇంటికి మారితే, ఇంకా చెప్పాలంటే ఒకే గదిలో ముఖం వేరే దిక్కుకు తిప్పినా, భూమి అయస్కాంత క్షేత్రం పుంజాన్ని కొత్తగా లాగుతుంది. మార్చిన ప్రతిసారీ రంగుల్ని మళ్లీ కలపాలి. ఇది రెండో గడిలో పడింది.

గళ్ల బొమ్మ తీసేసి పూర్తి నలుపు పెట్టాను. గదిలో లైటు ఆర్పితే తెర దాదాపు మాయమైంది. నాకు ఆశ పుట్టింది ఇక్కడే. తరువాత ఒక సినిమా రాత్రి దృశ్యం పెడితే మాత్రం వీధి దీపం చుట్టూ పాలపొర లాంటి వెలుగు. నలుపు అంత గట్టిగా ఉండి, వెలుగున్నచోట మాత్రం పొర పట్టిందంటే ఆ పొర ట్యూబులో పుట్టడం లేదు. దారిలో ఏదో అడ్డుపడుతోంది.

ఆదివారం: టార్చిలైటు చెప్పిన సంగతి

ప్లగ్గు పీకి, చాలాసేపు ఆగి, అప్పుడు తెర విప్పాను. ఈ ఆగడం చాదస్తం కాదు. ట్యూబులకు అందే వోల్టేజీ 30,000 ప్రాంతంలో ఉంటుంది, కొంత విద్యుదావేశం ప్లగ్గు తీశాక కూడా లోపల నిలిచిపోతుంది. అనుభవం లేనివాళ్లు లెన్సులూ అద్దమూ తుడవడంతో ఆగిపోవడం మంచిది. ట్యూబు మెడల జోలికీ, ఎర్రని లావుపాటి తీగల జోలికీ పోవద్దు.

టార్చిలైటు నేరుగా వేస్తే లెన్సు మీద ఏమీ కనబడదు. పక్కనుంచి, లెన్సు ఉపరితలానికి దాదాపు సమాంతరంగా వేయాలి. అలా వేయగానే మూడు లెన్సుల మీదా బూడిదరంగు తివాచీ పరిచినట్టు దుమ్ము లేచింది. మెత్తటి కుంచెతో ఒక గీత గీస్తే, ఆ గీత మేర నల్లగా, లోతుగా లెన్సు తేలింది. గీతకు రెండువైపులా తెల్లటి మసక. వీధి దీపం చుట్టూ కనిపించిన పాలపొర పుట్టిల్లు ఇదే. లెన్సులు పైకి చూస్తూ ఉంటాయి కాబట్టి పెట్టెలోకి దూరిన దుమ్మంతా నేరుగా వాటి మీదే రాలుతుంది.

ముందు గాలి బుడ్డితో ఊది, తరువాత కుంచె, చివర కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. లెన్సు పైభాగం ప్లాస్టిక్కు, గట్టిగా రుద్దితే పూత పోతుంది. అద్దం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇంట్లో అద్దానికి వెండిపూత గాజు వెనక ఉంటుంది, దీనికి ముందు ఉంటుంది. వెనక పూత ఉంటే గాజు పైపొర నుంచి ఒక మసక ప్రతిబింబం, పూత నుంచి ఒక స్పష్టమైన ప్రతిబింబం వచ్చి ప్రతి గీతకూ ఒక నీడ తయారవుతుంది. అందుకే పూతను ముందు పెట్టారు, అందుకే దాన్ని వేలితో తాకినా మచ్చే. నేను గాలి ఊది, కుంచె ఆడించి వదిలేశాను. రెండు చిన్న మచ్చలు మిగిలాయి. ఉండనీ. మచ్చ కంటే గీత ప్రమాదం.

ఆ తరువాత అసలు భయపడిన చోటు. ట్యూబు ముఖానికీ లెన్సుకూ నడుమ ఒక చిన్న గది ఉంటుంది, అందులో ఇథిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ కలిపిన ద్రవం నింపుతారు. ట్యూబు వేడిని లాగడం దాని మొదటి పని. గాజుకూ లెన్సుకూ మధ్య గాలి లేకుండా చేసి అనవసరపు ప్రతిబింబాల్ని తగ్గించడం రెండోది. కాలం గడిచేకొద్దీ ఈ ద్రవం మురికెక్కవచ్చు, బూజు పట్టవచ్చు, కారనూ వచ్చు. కారి కింది బోర్డు మీద పడితే సెట్టు పని అయిపోయినట్టే. లెన్సులోంచి టార్చి వేసి చూశాను. ఎరుపు, పచ్చ నిర్మలంగా ఉన్నాయి. నీలం ట్యూబులో మాత్రం నీటిలో ఒక చుక్క పాలు కలిపినట్టు పలచటి తెలుపు. అడుగున తడి గుర్తులు ఎక్కడా లేవు. యంత్రం గడిలో రెండో పద్దు పడింది.

తెరలో కూడా రెండు పొరలున్నాయి. లోపలిది ఫ్రెనెల్ లెన్సు. దాని మీద గ్రామఫోన్ రికార్డు గాళ్ల మాదిరి సన్నని వలయాలు ఉంటాయి, చెదిరిపోతున్న కిరణాల్ని తిన్నగా చూసేవాడి వైపు మళ్లిస్తాయి. దాని ముందుది నిలువు కణుపులున్న పలక, వెలుతురును కుడి ఎడమలకు పంచుతుంది. కణుపుల మధ్య నల్లని చారలు గదిలోని వెలుతురును మింగుతాయి. ఈ రెండింటికీ ముందు ఈ సెట్టులో ఒక మెరిసే అక్రిలిక్ పలక అదనంగా ఉంది, పిల్లలు తెరను గీరకుండా. దాన్ని తీసి పక్కన పెట్టాను. వెనక కిటికీ, పైన లైటు, నా ముఖం, ఇన్నాళ్లూ బొమ్మతోపాటు చూపించినవన్నీ ఒక్కసారిగా పోయాయి. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే ఈ సెట్టుకు చేయగలిగిన మేళ్లలో అతి తేలికైనది ఇదే.

సోమవారం రాత్రి: మూడు రంగుల పెళ్లి

అరగంట వేడి. గది చీకటి. మెకానిక్కుల కోసం దాచి ఉంచే సర్వీసు మెనూలోకి వెళ్లి ముందుగా అప్పుడున్న అంకెలన్నీ ఫోనుతో ఫోటోలు తీసుకున్నాను. ఆ మెనూలో వెనక్కి తిరిగే దారి ఉండదు.

వరుస ముఖ్యం. ముందు ఎరుపునూ నీలాన్నీ ఆపేసి పచ్చ గళ్లు ఒక్కటే వెలిగించాలి. తెర అంచులకు దారాలు కట్టి, గీతలు తిన్నగా ఉన్నాయో లేదో, గళ్లు చదరంగా ఉన్నాయో లేదో చూసి పచ్చను సరిచేయాలి. పచ్చ కుదిరాక దాన్ని ఇక ముట్టుకోకూడదు, మిగతా రెండింటికీ అదే కొలబద్ద. తరువాత ఎరుపును వెలిగించి పచ్చ మీద కూర్చోబెట్టాలి. రెండూ కలిస్తే గీత పసుపుపచ్చగా మారుతుంది. ఎక్కడైనా ఒక పక్క ఎర్రని నూలుపోగు కనిపిస్తే ఇంకా కుదరలేదన్నమాట. చివరికి నీలం. మూడూ కలిసిన గీత తెల్లబడుతుంది.

నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలి. మూల దగ్గర ఒక బిందువును జరిపితే పక్క బిందువు కొంచెం కదులుతుంది, దాన్ని సరిచేస్తే మొదటిది మళ్లీ తప్పుతుంది. ఓపిక ఉన్నవాడికి ఇది ధ్యానం, లేనివాడికి నరకం. చూడటానికి ఒక నియమం పెట్టుకున్నాను: జరిపేటప్పుడు తెర ముందు మోకాళ్ల మీద కూర్చుని, తీర్పు చెప్పేటప్పుడు మాత్రం సోఫాలో కూర్చుని. ముక్కు ఆనించి చూస్తే ఏ రియర్ ప్రొజెక్షన్ టీవీ అయినా తప్పుల పుట్టే. నాలుగు మూలల్లో సగం గీత మందం తేడా మిగిలింది. సోఫా నుంచి అది కనిపించదు, వదిలేశాను.

కొనేవాళ్లు గానీ, ఎవరైనా ఇస్తే తీసుకునేవాళ్లు గానీ ఈ ఒక్క సదుపాయం గురించి గట్టిగా అడగాలి. కొన్ని సెట్లలో యజమాని రిమోటుతో నడుమ బిందువును మాత్రమే జరపగలడు, మూలలకు సర్వీసు మెనూ తప్ప దిక్కులేదు. కొన్నింటిలో తెర నిండా జరుపుకోదగిన బిందువుల వల ఇస్తారు. ఇంకొన్ని సెట్లు తెర అంచుల్లో దాచిన సెన్సర్లతో ఒక్క మీట నొక్కితే తమంతట తామే సర్దుకుంటాయి. కరపత్రాల్లో బొమ్మలో బొమ్మ, చుట్టూ వినిపించే ధ్వని లాంటివాటికి ఇచ్చిన చోటులో పదోవంతు కూడా దీనికి ఇచ్చేవారు కాదు. రోజూ కంటికి కనిపించే తేడా తెచ్చేది మాత్రం ఇదే.

అదే ఊపులో ఫోకస్ కూడా చూశాను. ముందు పచ్చ. హెచ్‌డీ ప్రమాణంలో వెలుగు లెక్కకడితే పచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. అంటే మన కన్ను పదును అనుకునేదంతా దాదాపు పచ్చ ట్యూబుదే. లెన్సు మరను వదులు చేసి వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే, ఒక చోట గీతలోపలి స్కాన్ గీతలు విడివిడిగా తేలాయి. అక్కడ బిగించాను. నీలం ఎంత తిప్పినా అంత పదును రాదు, రావాల్సిన పనీ లేదు. నీలం ట్యూబు ముఖం లోపల వెలిగే పూత ఎక్కువ కరెంటుకు త్వరగా సంతృప్తమైపోతుంది కాబట్టి చాలా సెట్లలో ఆ పుంజాన్ని కావాలనే కొంచెం పరచి పెడతారు. ఇది తెలియక నీలాన్ని సూదిమొనలా చేస్తే తెల్లని దృశ్యాలు పసుపు తిరుగుతాయి.

బుధవారం: నలుపు నలుపుగా ఉందా

ఈ రోజు బావ వచ్చాడు. గళ్ల బొమ్మ చూసి, "గీతలు బాగానే కలిశాయి గానీ బొమ్మ కొట్లో చూసినంత ధగధగలాడటం లేదు బావా, కాంట్రాస్టు పెంచు" అన్నాడు. పెంచి చూపించాను. తెల్ల చొక్కా మడతలు మాయమై, చొక్కా అంతా ఒక తెల్లముద్ద అయింది. అక్షరాల అంచులు ఉబ్బాయి. కాంట్రాస్టును సగానికి దిగువకు తెస్తే మడతలు తిరిగి వచ్చాయి. కొట్లో ఆ ధగధగ ఎందుకంటే అక్కడ ట్యూబు లైట్ల వెలుతురులో పక్క టీవీతో పోటీ. ఇంట్లో ఆ అమరికను వదిలేస్తే బొమ్మ ముద్దవడంతో పోదు, ట్యూబు పూత అసమానంగా అరిగి చానల్ గుర్తులు శాశ్వతంగా ముద్రపడతాయి. తెల్లతెర పెట్టి వెతికితే ఈ సెట్టులో అలాంటి ముద్ర లేదు, రెండు పక్కలా నిలువు చారలు మాత్రం లీలగా ఉన్నాయి. 4:3 (పాత టీవీల ఆకారం) కార్యక్రమాలు పక్కన నల్ల పట్టీలతో ఎక్కువ కాలం చూసిన గుర్తు. పట్టీలు బూడిద రంగులో పెట్టుకునే అమరిక మెనూలో ఉంది, ఎవరూ వాడలేదు.

నలుపు మట్టానికి మామూలుగా వాడే పట్టీల బొమ్మ పెట్టాను. నలుపు కంటే నల్లని పట్టీ కనబడకూడదు, నలుపు కంటే ఒక మెట్టు తేలికైన పట్టీ అతి కష్టం మీద కనబడాలి. బ్రైట్‌నెస్‌ను అక్కడ నిలిపాను. అసలు పరీక్ష ఆ తరువాత. అదే పట్టీల బొమ్మ చుట్టూ తెల్లని పెద్ద చతురస్రం వచ్చేలా మార్చి చూశాను. మంచి సెట్టులో నలుపు అక్కడే ఉండాలి. ఇందులో కొంచెం కిందికి దిగింది: తేలికైన పట్టీ పూర్తిగా మునిగిపోయింది. అంటే దృశ్యం వెలుగును బట్టి నలుపు మట్టం కదులుతోంది. పగటి దృశ్యంలో నీడల్లోని వివరం కొంత మింగేస్తుంది. సర్క్యూటు గుణం ఇది, ఏ మీటతోనూ పోదు. యంత్రం గడిలో మూడో పద్దు, ఉన్నవాటిలో నన్ను బాధపెట్టింది ఇదొక్కటే.

తెల్లదనం సంగతి కూడా చూశాం. నల్లతెర నడుమ చిన్న తెల్ల కిటికీ పెడితే కళ్లు మిటకరించేంత వెలుగు. తెరంతా తెలుపు చేస్తే సగానికి పడిపోయింది. ట్యూబుల మీద భారం పెరిగితే సెట్టు తనంతట తానే వెలుగును కట్టడి చేస్తుంది. మంచు కొండల దృశ్యం మందంగా కనిపించడానికి, చీకట్లో కాగడా మిరుమిట్లు గొలపడానికి కారణం ఒకటే. సినిమాలకు ఇది మేలు చేసే బలహీనత, క్రికెట్టుకు కాదు.

బావ లేచి నిలబడి, "ఇదేమిటి, నిలబడితే చీకటి పడింది?" అన్నాడు. తెర కణుపులు నిలువుగా ఉన్నాయి కాబట్టి వెలుతురు అడ్డంగా పరుచుకుంటుంది, పైకి కిందికి చాలా తక్కువ. కూర్చున్నవాడి కన్ను తెర నడుమ ఎత్తులో ఉండాలి. నేల మీద కూర్చుని చూసే ఇంట్లో, ఎత్తు బల్ల మీద పెట్టిన రియర్ ప్రొజెక్షన్ టీవీకి న్యాయం జరగదు. పక్కకు బాగా జరిగి చూస్తే వెలుగు ఫరవాలేదు గానీ రంగు కొంచెం మారింది, ఒక కొస నుంచి ఎరుపు వైపు, మరో కొస నుంచి నీలం వైపు. ట్యూబులు పక్కపక్కన ఉన్నందుకు చెల్లించే మూల్యం.

గురువారం: ఎర్రబడ్డ ముఖాలు

ఫ్యాక్టరీ అమరికలో రంగు ఉష్ణోగ్రత నీలం వైపు బాగా వాలి ఉంది. తెలుపు తెల్లగా కాక మంచుగడ్డలా కనిపిస్తుంది, జనం దాన్నే ప్రకాశం అనుకుంటారు. సినిమాలు తయారుచేసేవాళ్లు పెట్టుకున్న ప్రమాణం 6500 కెల్విన్. మెనూలో "వెచ్చన" అన్నది దానికి దగ్గర. మొదటి పది నిమిషాలు పాత బట్టల్లా పసుపుపచ్చగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక మళ్లీ పాతదానికి వెళ్తే అదే అసహ్యంగా ఉంటుంది.

రంగు పట్టీల బొమ్మను నీలం ఫిల్టరులోంచి చూసి రంగు మోతాదు సరిచేశాను. తరువాత ఎర్ర ఫిల్టరులోంచి చూస్తే అసలు గుట్టు బయటపడింది: ఎర్ర పట్టీ పక్కదాని కంటే స్పష్టంగా ఎక్కువ వెలుగుతోంది. నీలం వాలిన తెలుపులో ముఖాలు పాలిపోకుండా ఉండాలని తయారీదారులు ఎరుపును లోపలే పెంచి పెట్టే పాత అలవాటు. తెలుపును సరిచేయగానే ఆ అదనపు ఎరుపు ముఖాలను ఎండలో కాలినట్టు చేస్తుంది. సర్వీసు మెనూలో ఎరుపు డీకోడరు (సిగ్నల్‌లోంచి రంగుల్ని విడదీసే భాగం) అంకె కొంత తగ్గిస్తే సర్దుకుంది. మెనూ అందుబాటులో లేనివాళ్లు మొత్తం రంగు మోతాదును రెండు మెట్లు తగ్గించడం తప్ప చేయగలిగింది లేదు, అప్పుడు చెట్ల పచ్చదనం కొంత త్యాగం చేయాలి.

శుక్రవారం: మిగతా సదుపాయాలు, గబగబా

అంచుల్ని పదునుగా చూపించడానికి పుంజం వేగాన్ని ఆడించే అమరిక ఒకటి ఉంది. అది ప్రతి అక్షరానికీ తెల్లని బార్డరు గీస్తోంది. ఆపేశాను. షార్ప్‌నెస్ దాదాపు సున్నాకు తెచ్చాను. బొమ్మ చుట్టూ కోత ప్రతి వైపూ చాలా ఉంది, కింద పరిగెత్తే వార్తల అక్షరాల అడుగుభాగాలు తెగిపోతున్నాయి. సర్వీసు మెనూలో తగ్గించాను. బొమ్మలో బొమ్మ పనిచేస్తోంది, వాడను. స్పీకర్లు బాగున్నాయి, ఇంత పెద్ద పెట్టె ఉన్నాక బాగుండకపోతే ఎలా.

సాగదీసే మోడ్‌లు నాలుగు. నడుమ మామూలుగా ఉంచి అంచుల్ని మాత్రమే లాగే మోడ్‌లో కెమెరా పక్కకు తిరిగినప్పుడు మనుషులు లావై, సన్నబడి, మళ్లీ లావవుతారు. తల తిరుగుతుంది.

కనెక్షన్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. వెనక కాంపొనెంట్ గుంటలు (మూడు తీగల మీద వచ్చే అనలాగ్ బొమ్మకు) రెండు జతలు, ఒక డీవీఐ (డిజిటల్ బొమ్మకు) ఉన్నాయి. డీవీఐలో హెచ్‌డీసీపీ రక్షణ (కాపీ చేయకుండా పెట్టే డిజిటల్ తాళం) ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. ఉంటే హెచ్‌డీఎంఐ ప్లేయర్లను మారక తీగతో కలపవచ్చు, శబ్దానికి వేరే తీగ కావాలి. లేకపోతే కష్టం, ఎందుకంటే 2010 తరువాత తయారైన బ్లూ రే ప్లేయర్లు రక్షణ ఉన్న డిస్కుల్ని కాంపొనెంట్ తీగ మీద హెచ్‌డీలో పంపవు. ఈ సెట్టులో రక్షణ ఉంది, ప్లేయరు వెంటనే కలిసింది. 720పీ (720 గీతల హెచ్‌డీ) పంపితే మాత్రం తెర నీలంగా నిలబడిపోయింది. ఈ తరం సెట్లకు చాలావాటికి 480పీ, 1080ఐ తప్ప మింగుడుపడవు. పంపే పెట్టెనే 1080ఐకి మార్చుకోమనాలి.

మూడో గడి పని కూడా ఇవాళే అయింది. కేబుల్ చానల్ బొమ్మ అధ్వాన్నంగా ఉంది, కదిలే జనం చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు. అదే సెట్టులో బ్లూ రే పెడితే ముఖంలో రంధ్రాలు కనిపించాయి. పెద్ద తెర చెడ్డ సిగ్నల్‌ను దాచదు. దూరం లెక్క కూడా దీనికి ముడిపడే ఉంది. తెర ఎత్తు 68.5 సెంటీమీటర్లు. మామూలు చూపు విడదీయగల సన్నదనాన్ని బట్టి 576 గీతల మామూలు టీవీ బొమ్మకు నాలుగు మీటర్ల దూరం హాయి, 1080 గీతలను పూర్తిగా అనుభవించాలంటే రెండు మీటర్ల పైచిలుకుకు జరగాలి. ఒకే సోఫా రెండింటికీ సరిపోదు. నేను మూడు మీటర్ల దగ్గర రాజీపడ్డాను.

శనివారం రాత్రి: పక్కన ఒక డీఎల్‌పీ

ఒక మిత్రుడి దగ్గర ఇదే జాతికి చెందిన తరువాతి తరం సెట్టు ఉంది, డీఎల్‌పీ రకం. ట్యూబులు ఉండవు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో 1987లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్పు మీద లక్షలాది సూక్ష్మమైన అద్దాలు అటూ ఇటూ వాలుతూ, ఒక దీపం వెలుతురును తెర మీదకు పంపడమో పక్కకు నెట్టడమో చేస్తాయి. దీపానికి ముందు రంగుల చక్రం తిరుగుతుంది. రెండింటిలోనూ ఒకే డిస్కు పెట్టి చూశాం.

వెలుగులో డీఎల్‌పీ గెలిచింది, మారు మాట లేదు. రంగులు కలపాల్సిన గొడవే లేదు, మూల నుంచి మూలకు గీత ఒకటే. అక్షరాలు చెక్కినట్టున్నాయి. చీకటి దృశ్యం రాగానే తక్కెడ తిరగబడింది. అక్కడ నలుపు బూడిదరంగు, ఇక్కడ నలుపు నలుపే. ట్యూబు సెట్టు పుంజాన్ని ఆపేస్తే వెలుతురు పుట్టనే పుట్టదు. దీపం సెట్టులో వెలుతురు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని అడ్డుకోవడమే పని, కొంత కారుతుంది. నాకు మరో చిక్కు: చీకట్లో తెల్లని వస్తువు మీద నుంచి చూపు గబుక్కున తిప్పితే దాని వెంట ఎరుపు, పచ్చ, నీలం ముక్కలు మెరిశాయి. రంగుల చక్రం ఒక్కో రంగునూ ఒకదాని తరువాత ఒకటి చూపించడం వల్ల అది. మిత్రుడికి అసలు కనిపించదట. కొనేముందు ఎవరికి వారు చూసుకోవాల్సిన సంగతి ఇది, ఒకరి కళ్లతో మరొకరికి హామీ ఇవ్వలేం.

డీఎల్‌పీకి దీపం కొన్ని వేల గంటలకొకసారి మార్చాలి, మెల్లగా మందగిస్తుంది కాబట్టి యజమానికి తెలియదు. చివరిదాకా ఈ జాతిని తయారుచేసిన మిత్సుబిషి కూడా 2012 చివర్లో ఆపేసింది. ఇప్పుడు ఏ రకం కొన్నా పాతదే, విడిభాగాల దారి ముందే చూసుకోవాలి.

ఆదివారం: కాగితం మీద లెక్క

సర్దుబాటు గడిలో పడినవన్నీ కొట్టేశాను: రంగుల అంచులు, పాలపొర, ఎర్ర ముఖాలు, తెల్లముద్ద. సిగ్నల్ గడిలో కేబుల్ ఒక్కటే మిగిలింది, దానికి నేనేం చేయలేను. యంత్రం గడిలో మిగిలినవి: 1920ని పూర్తిగా విడదీయలేని ట్యూబులు, దృశ్యంతోపాటు కదిలే నలుపు, నీలం ట్యూబు ద్రవంలో తెలుపు, తెర పక్కల లీలగా పడ్డ చారలు. వీటిలో మూడోది ఒక్కటే చేతితో పోయేది.

బావకు ఫోను చేసి చెప్పాను: సామాను కింద ఇవ్వొద్దు, పగలు వార్తలకూ క్రికెట్టుకూ ఇది వద్దు, రాత్రి లైట్లు ఆర్పి చూసే సినిమాలకు దీన్ని దాటేది కొనాలంటే బాగా వెతకాలి. "అయితే నీ దగ్గరే ఉంచుకో బావా, నాకు ఆ చోటు కలిసొస్తుంది" అన్నాడు.

వచ్చే వారం నీలం ట్యూబు ద్రవం మార్పు. పాత ద్రవం తోడేశాక గది లోపలి గోడల్ని కూడా కడగాలి, లేకపోతే బూజు మళ్లీ పుడుతుంది. లెన్సు బిగించే రబ్బరు వలయం కొత్తది దొరికితేనే మొదలుపెడతాను. నీలం ట్యూబును కదిలించాక దాన్ని పచ్చ మీద మళ్లీ కూర్చోబెట్టాలి కాబట్టి సోమవారం తీసిన ఫోటోలు చెరపకూడదు.